పసుపు గోడలో పరదేశి

ఉద్యోగార్థమై పరదేశమునకు పోయినవానికి మొదట కావలసినవి మూడు: ఇల్లు, తిండి, భాష. ఈ మూడును కాలక్రమమున ఏదో యొక విధముగ సమకూరును. నాల్గవది యొకటి కలదు. అది ఊరిలో తనకొక చోటు. కార్యాలయమున మన పని మనకు చోటిచ్చును. అంగడిలో మన చేతి సొమ్ము చోటిచ్చును. పనియు సొమ్మును లెక్కలోనికి రాని తావున ఊరివారు ప్రక్కకు జరిగి, "ఇటు రా, ఇక్కడ నిలుచుండు" అని చోటిచ్చుట వేరు. అది దొరకక యేండ్ల తరబడి పరాయివారుగనే జీవించి తిరిగి వచ్చినవారు పెక్కురు గలరు.

ఐరోపాలోని పారిశ్రామిక నగరములలో ఇట్టి చోటు దొరకు స్థలములలో ఫుట్‌బాల్ మైదానము ముఖ్యమైనది. మేము ఉద్యోగరీత్యా జర్మనీ పశ్చిమభాగమున రూర్ ప్రాంతమున కొంతకాలము నివసించితిమి. ఆ కాలమున డోర్ట్‌మండ్ నగరపు మైదానమున ఒక సీజను పొడవునను, అనగా ఆగస్టు మొదలు మే వరకు, వీలు చిక్కినప్పుడెల్ల ఆటలు చూచితిమి. ఆటగాండ్రను గూర్చి పత్రికలు వ్రాయుచునే యున్నవి. మేము చెప్పదలచినది ఆటను చూచువారిని గూర్చి. వారి పద్ధతులేవి? వారు పరదేశిని ఎట్లు చేర్చుకొందురు? ఆ చేర్చుకొనుటకు హద్దులెక్కడ? చదువులకును ఉద్యోగములకును అక్కడికి పోవు మనవారి సంఖ్య పెరుగుచున్నది గనుక ఈ విషయములు తెలిసికొనుట నిరుపయోగము కాదు.

డోర్ట్‌మండ్ సుమారు ఆరు లక్షల జనాభా గల నగరము. బొగ్గు, ఉక్కు, బీరు అను మూడింటిమీద పెరిగిన ఊరు. పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగమున గనులలో పనిచేయుటకై నాటి ప్రష్యా రాజ్యపు తూర్పు జిల్లాలనుండి పోలిష్ భాషీయులు లక్షలకొలదిగ రూర్ ప్రాంతమునకు తరలివచ్చిరి. రెండవ ప్రపంచయుద్ధానంతరము జర్మనీ ప్రభుత్వము 1955లో ఇటలీతోను, 1961లో టర్కీతోను ఒడంబడికలు చేసికొని శ్రామికులను రప్పించినది. కావున ఈ ప్రాంతమున "మా తాతతండ్రులు ఇక్కడివారే" యని చెప్పుకొనగలవారు అంత యెక్కువమంది లేరు. 1956, 1957 సంవత్సరములలో వరుసగ జాతీయ విజేతయైన డోర్ట్‌మండ్ జట్టులో "ముగ్గురు ఆల్ఫ్రెడులు" అని పేరు పొందిన ఆటగాండ్రుండిరి: ప్రైస్లర్, కెల్బాసా, నీపీక్లో. చివరి యిద్దరి యింటిపేర్లును పోలిష్ మూలములు గలవి. వలస వచ్చినవారి పిల్లలు ఊరివారైపోవుటకు ఇక్కడ బంతియాట యొక దారియైనది.

నేడు ఆ గనులు లేవు. నగరమునందలి చివరి బొగ్గుగని 1987లో మూతపడినది. ఫీనిక్స్ ఉక్కు కర్మాగారము 2001లో ఆగిపోగా దాని యంత్రసామగ్రిని విప్పి చైనాకు పంపిరి. ఆ కర్మాగారముండిన పల్లమున ఇప్పుడొక చెరువు కలదు. ఊరిని ఒకటిగ నిలిపిన పని పోయిన పిమ్మట, ఊరంతయు ఒకచోట చేరు సందర్భముగ మిగిలినది ఆటయే. అక్కడివారి అభిమానము పరదేశికి మొదట అతిగ తోచును. ఈ చరిత్ర తెలిసిన పిమ్మట అట్లు తోచదు.

సంఘపు పేరు బొరూసియా డోర్ట్‌మండ్. 1909 డిసెంబరు 19వ తేదీన బోర్సిగ్‌ప్లాట్స్ అను కూడలికి సమీపమున ఒక పానశాలయందు కొందరు యువకులు దీనిని స్థాపించిరి. వారు అక్కడి క్యాథలిక్ చర్చి యువజన సంఘమునకు చెందినవారు. బంతియాట మొరటుదని తలచిన ఫాదిరీ వారింపగా, వినక వేరుపడిరి. బొరూసియా యనగా లాటిన్ భాషలో ప్రష్యా. దగ్గరనుండిన బీరు బట్టీ పేరునుండి దానిని గ్రహించిరని చెప్పుదురు. సంఘము పుట్టిన పేట నేడు అనేక దేశములనుండి వచ్చినవారు కాపురముండు పేట. జట్టు పోటీలో గెలిచినచో ఆటగాండ్ర ఊరేగింపు ఇప్పటికిని ఆ కూడలి చుట్టును తిరుగును.

మైదానమును 1974 ప్రపంచకప్పు పోటీలకై కట్టిరి. ఇప్పుడందులో 81,365 మందికి చోటు కలదు. దక్షిణపు వైపున జాతీయ పోటీల సమయమున కుర్చీలుండవు; నిట్టనిలువుగ లేచిన మెట్లు మాత్రమే. ఆ మెట్లపై 24,454 మంది నిలుచుండి ఆట చూతురు. ఐరోపాలో ఇంత పెద్ద నిలుచుండు వేదిక మరియొకటి లేదు. అందరును పసుపుపచ్చని దుస్తులు ధరించుటచే దానికి పసుపు గోడ యని పేరు వచ్చినది. ఇంగ్లండులో 1989లో హిల్స్‌బరో మైదానమున జనసమ్మర్దమున నలిగి 97 మంది మరణించిరి. పిమ్మట అక్కడి అగ్రశ్రేణి మైదానములందు మెట్లు తొలగించి కుర్చీలు వేసిరి. టిక్కెట్టు వెలలును క్రమముగ పెరిగినవి. జర్మనీలో మాత్రము అభిమానులు పట్టుబట్టి నిలుచుండు మెట్లను కాపాడుకొనిరి. వాటి టిక్కెట్టు వెల తక్కువ కావున విద్యార్థియు, కూలివాడును, పింఛనుదారును అక్కడ ప్రక్కప్రక్కన కనబడుదురు.

ఆట సాధారణముగ శనివారము మధ్యాహ్నము మూడున్నరకు మొదలగును. పదకొండు గంటలకే ఊరి రంగు మారును. భూగర్భ రైలులో, రొట్టెల దుకాణమున, చర్చి వాకిట ఎక్కడ చూచినను పసుపును నలుపును కలిసిన కంఠవస్త్రములే. తాత మెడలోనిది వెలిసిపోయి యుండును. మనుమని మెడలోనిది క్రొత్తది. వెలిసినదానికే మర్యాద యెక్కువ. మైదానము వెలుపల కాల్చిన సాసేజీలును బీరును అమ్ముదురు. శాకాహారికి వేచిన బంగాళాదుంప ముక్కలు కలవు. బీరు పోసిన గ్లాసునకు కొంత బయానా పుచ్చుకొని, ఖాళీ గ్లాసు తిరిగి యిచ్చినచో ఆ సొమ్ము మరల ఇత్తురు.

వేదిక నడుమ, మైదానమును వేరుచేయు కంచెపై ఒక యువకుడు మైకు పట్టుకొని కూర్చుండును. అతడు పాట యెత్తును, డప్పులవారు అందుకొందురు, వేలాది గొంతులు కలియును. మన పల్లెలలో చెక్కభజన యెరిగినవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు. గురువు చరణ మెత్తుట, చుట్టుప్రక్కలవారు దానిని అందుకొనుట మనకును గలదు. కాని యొక విశేషమున్నది. ఆ యువకుడు ఆటకు వీపు త్రిప్పి కూర్చుండును. తొంబది నిమిషములలో అతడు చూచు ఆట మిక్కిలి స్వల్పము. అతని చూపంతయు జనముపైననే. తన వేడుకను వదలుకొని పదిమంది గొంతును ఒకటి చేయుట అక్కడ గౌరవస్థానము.

గోలు పడినప్పుడు జరుగు తంతు పరదేశికి మంచి భాషాపాఠము. ప్రకటనకర్త ఆటగాని పేరు మాత్రము పలుకును. జనమంతయు ఇంటిపేరు పలికి పూర్తిచేయుదురు. ఇట్లు మూడుమారులు. ఎదుటిపక్షపు గోళ్ళ సంఖ్య యడిగినప్పుడు, నిజమైన సంఖ్య యేదైనను, "సున్న" యనియే సమాధానము. పిమ్మట అతడు "ధన్యవాదము" అనును. వీరు ఆ భాషలో దానికి చెప్పవలసిన మర్యాదమాట ననుదురు. జర్మనీలోని పెక్కు మైదానములందు ఈ యాచారమే కలదు. వ్యాకరణ పుస్తకములు చదివినను నోరు మెదపలేని మాకు, బిడియము వీడి జర్మను మాటలు గట్టిగ పలుకుట మొదట ఇక్కడనే అలవడినది. ఎనుబదివేల మందిలో ఒకని ఉచ్చారణదోషము ఎవరికిని వినబడదు.

భాషను గూర్చి మరియొక ముఖ్యవిషయము. మనకు నీవు, మీరు అను భేదమున్నట్లే జర్మను భాషలోను కలదు. అక్కడ అది మిక్కిలి కట్టుదిట్టమైనది. పదియేండ్లు ఒకే కార్యాలయమున పనిచేసినవారును "మీరు" అనియే పిలుచుకొనుట కలదు. మా పొరుగింటి పెద్దమనిషి ఉక్కు కర్మాగారమున పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడు. మూడు మాసములు మమ్ము మెట్లమీద చూచినప్పుడెల్ల ఇంటిపేరుతో పిలిచి, "మీరు కుశలమా?" యని యడిగి తలుపు వేసికొనెడివాడు. ఒక శనివారము తన అల్లుని టిక్కెట్టు మిగిలినదని మమ్ము వెంటబెట్టుకొని పోయెను. దక్షిణ వేదిక మెట్లు ఎక్కిన తోడనే, "నీవు ఇక్కడ నిలుచుండు. ఆ కమ్మిని పట్టుకో, గోలు పడినప్పుడు అందరును క్రిందికి తోసికొని వత్తురు" అనెను. ఆ వేదికపై అందరును అందరికిని "నీవు" లే. న్యాయవాదియు, కూలివాడును, పదునాలుగేండ్ల బాలుడును, మేమును. సోమవారమునాడు మెట్లమీద కనబడినప్పుడు ఆయన మరల "మీరు" అనునని తలచితిమి. ఆయన "నీవు" అనియే పలుకరించెను. పరదేశమున మాకు లభించిన సత్కారములలో దీనిని మించినది లేదు.

ఈ జనమునకు కేకలు వేయుట మాత్రమే తెలియునని తలచుట పొరపాటు. 2016 మార్చి 13వ తేదీన మైన్స్ జట్టుతో ఆట జరుగుచుండగా ప్రేక్షకులలో ఇద్దరికి గుండెపోటు వచ్చి, అందులో నొకరు మరణించిరి. ఈ వార్త నోటినుండి నోటికి ప్రాకగా వేదిక మౌనము వహించినది. బ్యానర్లు దింపిరి, డప్పులు ఆగినవి. రెండవ గోలు పడినప్పుడును పూర్వపు ఉత్సాహము లేదు. ఆట ముగిసిన పిమ్మట "యూ విల్ నెవర్ వాక్ అలోన్" అను పాటను అందరును కలిసి పాడిరి. ఆ పాట 1945నాటి అమెరికా సంగీతరూపకములోనిది. 1963 నుండి ఇంగ్లండులోని లివర్‌పూల్ అభిమానులకు గీతమై, అక్కడినుండి ఇతరదేశములకు ప్రాకినది. చనిపోయినవారు ఎవరో పాడినవారిలో అనేకులకు తెలియదు. తెలియవలసిన అవసరము వారికి తోచలేదు.

అభిమానము ఉన్నచోట పగయు ఉండును. ముప్పది కిలోమీటర్ల దూరముననున్న గెల్సెన్‌కిర్కెన్ నగరపు షాల్కె సంఘము డోర్ట్‌మండ్‌వారికి చిరకాల ప్రత్యర్థి. ఈ రెండు జట్లు మొదట 1925లో తలపడినవి. డోర్ట్‌మండ్‌వారు ఎదుటివారి పేరు నోట పలుకరు; నడుమనున్న చిన్న ఊరి పేరు చెప్పి, "హెర్నెకు పడమర" అందురు. షాల్కెవారు వీరిని "లూడెన్‌షైడ్‌కు ఉత్తరము" అందురు. 2017 నవంబరులో డోర్ట్‌మండ్ సగమాటకు నాలుగు గోళ్ళతో ముందుండియు, తుదకు 4-4తో సరిపెట్టుకొనవలసి వచ్చినది. ఆ మాట యెత్తినచో మా పొరుగాయన ఇప్పటికిని సంభాషణ మార్చును. ఇంతచేసి రెండు ఊళ్ళును ఒకే బొగ్గుమీద పెరిగినవి, ఒకే వలసజనముతో నిండినవి. ఈ వైరము చాలవరకు హాస్యము. కాని ఎప్పుడును హాస్యముగనే యుండదు.

ఆ హద్దును గూర్చి చెప్పక విడుచుట న్యాయము కాదు. 1980 ప్రాంతములనుండి ఈ వేదికపై నాజీ భావములుగల ముఠాలు చొరబడిన చరిత్ర కలదు. 2017 ఫిబ్రవరి 4వ తేదీన లైప్సిగ్ జట్టుతో ఆట చూడవచ్చినవారిపై, వారిలో స్త్రీలును పిల్లలును ఉండగా, కొందరు డోర్ట్‌మండ్ అభిమానులు రాళ్ళును సీసాలును రువ్విరి. వేదికపై ద్వేషపూరితములైన బ్యానర్లు కనబడినవి. జర్మన్ ఫుట్‌బాల్ సమాఖ్య లక్ష యూరోల జుల్మానా విధించి, ఒక ఆటకు దక్షిణ వేదికను పూర్తిగ మూయించినది. మాకును ఒకనాటి రాత్రి రైలులో త్రాగియున్న యువకుడొకడు మా చర్మపు రంగును గూర్చి మాటలాడెను. అదే రంగు కంఠవస్త్రము ధరించిన యిద్దరు స్త్రీలు లేచి అతనిని తరువాతి స్టేషనున దింపివేసిరి. అవమానమును అదే జనమునుండి పొందితిమి, రక్షణయు అదే జనమునుండి పొందితిమి. పరదేశి యీ రెంటిని ఎరిగి పోవలెను.

సంఘమును అభిమానులును ఈ చీడతో పోరాడుచున్నారు. అభిమానులను ఆష్విట్జ్ స్మారకస్థలమునకు తీసికొనిపోయి చరిత్ర చెప్పించు యాత్రలు జరుపుచున్నారు. సంఘపు మైదానపాలకుడుగ నుండిన హైన్‌రిఖ్ చెర్కుస్ అను కమ్యూనిస్టును 1945లో గెస్టపో చంపినది. ఆయన పేర ఈస్టరు ముందరి శుక్రవారమున స్మారకపు పరుగు జరుగుచున్నది. 2017 ఏప్రిల్ 11వ తేదీన డోర్ట్‌మండ్ ఆటగాండ్ర బస్సువద్ద ప్రేలుళ్ళు జరిగి, మొనాకో జట్టుతో ఆడవలసిన ఆట మరునాటికి వాయిదా పడినప్పుడు, ఎదుటిపక్షమువారు మైదానమునందే "డోర్ట్‌మండ్, డోర్ట్‌మండ్" అని నినదించిరి. బస లేని ఆ అతిథులను ఊరివారు తమ యిండ్లకు పిలిచి భోజనమును పడకయు ఇచ్చిరి. రాళ్ళు రువ్విన రోజునకును ఈ రాత్రికిని నడుమ గడచినది రెండు మాసములు మాత్రమే.

ఇక సంఘము ఎవరిది అను ప్రశ్న. మా దృష్టిలో అన్నింటికంటె ముఖ్యమైనది ఇదియే. జర్మనీలో 1998 నుండి "యాభైయు ఒకటియు" అను నియమము కలదు. ఆటను వ్యాపారముగ నడుపు కంపెనీలో ఎవరు ఎంత పెట్టుబడి పెట్టినను, వోట్లలో సగముకంటె ఒకటి యెక్కువ సభ్యుల సంఘము చేతిలోనే యుండవలెను. కొన్ని మినహాయింపులు లేకపోలేదు. డోర్ట్‌మండ్ కంపెనీ 2000లో షేర్ల బజారులో ప్రవేశించినది. 2005లో దివాలా అంచువరకు పోయినది. అయినను పెత్తనము సభ్యుల చేయి దాటలేదు. సభ్యులు రెండు లక్షలకు పైబడి యున్నారు.

ఈ నియమమువలన ప్రేక్షకుడు కొనుగోలుదారు మాత్రమే కాడు. 2012 చివర భద్రత పేర అభిమానులపై క్రొత్త కట్టుబాట్లు తలపెట్టగా, జర్మనీయంతట వేదికలు ఆట మొదటి 12 నిమిషముల 12 సెకండ్లు నోరు మెదపక నిలిచినవి. మౌనముకంటె గట్టి వాదము దొరకలేదు. 2016 ఫిబ్రవరిలో ష్టుట్‌గార్ట్‌లో టిక్కెట్టు వెలలు హెచ్చుగ నున్నవని డోర్ట్‌మండ్‌వారు మైదానములోనికి టెన్నిసు బంతులు విసరిరి. 2023 డిసెంబరులో సంఘముల సమాఖ్య తన ప్రసారహక్కుల ఆదాయములో భాగమును పెట్టుబడిదారునకు అప్పగింపదలపగా మరల టెన్నిసు బంతులు వర్షించినవి; ఆటలు పదేపదే ఆగినవి; 2024 ఫిబ్రవరి 21వ తేదీన సమాఖ్య ఆ ప్రయత్నమును మానుకొనినది.

ఇందు పరదేశికి గల స్థానమును గమనింపుడు. ఐరోపా సమాఖ్యకు వెలుపలి దేశపు పౌరుడు డోర్ట్‌మండ్ పురపాలక సంఘపు ఎన్నికలలో వోటు వేయజాలడు. పన్ను కట్టినను, పదియేండ్లు కాపురమున్నను, పౌరసత్వము పొందువరకు ఆ హక్కు లేదు. కాని చందా కట్టి బొరూసియా సభ్యుడైనచో వార్షిక సభలో చేయి యెత్తవచ్చును. ఊరిని గూర్చి నోరు లేనివానికి ఊరి ఆటను గూర్చి నోరు కలదు. ఇది చిన్న విషయముగ తోచవచ్చును. ఊరి వ్యవహారములలో తన మాటకు మొట్టమొదట లెక్క దొరకినది ఇక్కడనే యని మాతో చెప్పిన పరదేశీయులు గలరు.

రేడియో ఉద్యోగులమగుటచే మరియొక మాట. మైదానమునకు పోలేనివారికి శనివారపు ఉమ్మడి ప్రసారము కలదు. ఒకే సమయమున జరుగు ఆటలన్నింటినుండి వ్యాఖ్యాతలు మార్చి మార్చి పలుకుదురు. ఎక్కడ గోలు పడినను అక్కడి వ్యాఖ్యాత నడుమ ప్రవేశించి కేక వేయును. 1954 జూలై 4వ తేదీన బెర్న్‌లో ప్రపంచకప్పు గెలిచినప్పటి హెర్బర్ట్ జిమ్మర్మన్ రేడియో వ్యాఖ్యానము జర్మనులకు ఇప్పటికిని కంఠస్థము. మైదానములలో అంధులకై వేరు వ్యాఖ్యానమును చెవిగొట్టముల ద్వారా వినిపించు ఏర్పాటును గలదు. వారును వేదికతో కలిసి సరియైన క్షణమున లేచి కేక వేయుట మేము కన్నులార చూచితిమి.

మీ దేశమున ఈ యాట కలదా యని మమ్ము పలువురు అడిగిరి. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగ అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచినదనియు, దాని శిక్షకుడు ఎస్. ఏ. రహీమ్ నేతృత్వమున భారతజట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానము, 1962 జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణము పొందినదనియు చెప్పితిమి. "అట్టి జట్టు ఇప్పుడేమైనది?" అని అడిగినప్పుడు సమాధానము కష్టమైనది. ఆటగాండ్రుండిరి, గురువుండెను, చూడవచ్చు జనమును ఉండెను. కాని జట్టు ఒక ప్రభుత్వశాఖకు చెందినది. నగరవాసి దానికి చప్పట్లు కొట్టగలడేగాని సభ్యుడు కాలేడు. ప్రజలకు హక్కు ఉన్న వస్తువును కాపాడుకొనుటకు ప్రజలు ముందుకు వత్తురు. చప్పట్లకు మాత్రము హక్కున్నప్పుడు, ఆట తగ్గినకొలది చప్పట్లును తగ్గును.

2023 మే 27వ తేదీన డోర్ట్‌మండ్ తన మైదానమున గెలిచినచో జాతీయ విజేత కావలసియుండగా, మైన్స్ జట్టుతో 2-2గ ముగించి, గోళ్ళ తేడాతో ఆ స్థానమును పోగొట్టుకొనినది. పసుపు గోడ ఇంటికి పోలేదు. ఏడ్చుచున్న ఆటగాండ్ర యెదుట నిలిచి పాడినది. డోర్ట్‌మండ్‌వారి అభిమానము గెలుపుతో కొన్నది కాదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

కావున అటువంటి నగరములకు పోవు మనవారికి మా సలహా యిది. మొదటి మాసముననే ఊరి జట్టు పేరును, దాని పుట్టుపూర్వోత్తరములను తెలిసికొనుడు. ఒక కంఠవస్త్రము కొనుడు. పాటలను తప్పులతోనైనను పాడుడు. రాత్రి రైళ్ళలో ఒంటరిగ పోక పరిచితులతో పొండు. వీలైనచో చందా కట్టి సభ్యులు కండు. ముఖ్యముగ, జట్టు ఓడిన వారమునాడు తప్పక పొండు. గెలిచిననాడు వచ్చినవారిని ఎవరును గుర్తుంచుకొనరు. ఓడిననాడు వానలో ప్రక్కన నిలిచినవాని పేరు అడిగి తెలిసికొందురు.